ఒక్కసారే పిలిచే గొంతు

ఉదయం పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు నాగర్‌కర్నూల్‌లో ఒక దవాఖానలో మా అమ్మ పేరు పిలిచారు. పేరు, ఊరు, గది నంబరు. ఒక్కసారి. అమ్మ మూడో వరసలో కూర్చుని ఉంది. లేవలేదు. పదకొండు గంటల పద్నాలుగు నిమిషాలకు ఆమె పేరు పక్కన 'హాజరు కాలేదు' అని పడింది.

ఈ సమయాలు నేను ఊహించినవి కావు. ఆ దవాఖాన కంప్యూటర్‌లో ఉన్నాయి. పిలిచిన గొంతు నాది. ఆ సమయానికి నేను గద్వాలలో, వేరే దవాఖానలో, నా ఉద్యోగంలో ఉన్నాను.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులకు అమ్మ చనిపోయింది. ఆ రోజు లేచి గదిలోకి వెళ్లి ఉంటే బతికేదా అన్నది నాకు తెలియదు. డాక్టర్లను అడిగాను. చెప్పలేమన్నారు. వాళ్ళు చెప్పలేనిది నేనూ చెప్పను. జరిగింది మాత్రం రాస్తాను.

మాది బిజినేపల్లి దగ్గర ఒక ఊరు. నాన్న కౌలుకు పల్లికాయ వేస్తాడు. అమ్మ మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ఆమెకు తోడుగా వండే ఇంకొకామెను నేను పెద్దమ్మ అంటాను, చుట్టరికం లేదు. నేను వనపర్తిలో డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో రెండేళ్లు ఆస్పత్రుల నిర్వహణలో పీజీ చేశాను. సెలవులకు వచ్చినప్పుడు వంటశాల అరుగు మీద కూర్చుంటే పెద్దమ్మ ఆ చదువు సంగతి అడిగేది.

"డాక్టరువైతవా?"

"కాదు పెద్దమ్మా."

"నర్సమ్మవా?"

"అది కూడా కాదు."

"మరి దవాఖానల ఏం జేస్తవు? ఊడుస్తవా?"

"దవాఖాన సక్కగ నడిచేటట్టు చూస్త. ఎవరు ఎప్పుడొస్తున్నరు, ఎంతసేపు కూసుంటున్నరు, మందులు ఉన్నయా లేవా..."

"అంటే డాక్టరు మీద పెత్తనం."

అమ్మ గంజి వారుస్తూ, "ఎవరి మీదనన్న కానీ, జల్ది జల్ది పంపియ్యమను. పోయినసారి పొద్దంత గూసున్న" అంది.

నాకు ఆ చదువులో బాగా నచ్చింది అదే. ఆస్పత్రి చట్టాలు, గణాంకాలు, మందుల నిల్వ, వ్యర్థాల పారవేత అన్నీ ఉండేవి. వాటిలో ఒకటి జనం వరసల గురించి. ఎంతమంది వస్తారు, ఎంతమంది చూసేవాళ్ళున్నారు, వరస ఎక్కడ ఆగుతుంది అన్నది లెక్కగట్టడం. ఆ పాఠం చెప్పిన ప్రొఫెసర్ పెద్ద ఆస్పత్రుల్లో పనిచేసి వచ్చినాయన. "రోగి డాక్టర్ ముందు కూర్చున్న నిమిషాలే వైద్యం. మిగతా ప్రతి నిమిషం మన తప్పు" అనేవాడు. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. దవాఖానలో పొద్దంతా కూర్చుంటే కూలి పోతుంది, బస్సు పోతుంది, ఇంట్లో గొడ్డుకు నీళ్లు ఉండవు. మా క్లాసులో ఇది పుస్తకంలో చదవక ముందే తెలిసినవాళ్ళం కొద్దిమందిమే.

చివరి సెమిస్టర్‌లో మూడు నెలల ప్రాజెక్టు. నేను నాగర్‌కర్నూల్ ఎంచుకున్నాను. ఒక ట్రస్టు నడిపే దవాఖాన. డాక్టర్ గదుల ముందు పెద్ద హాలు, సిమెంటు బెంచీలు, పైన నాలుగు పాత ఫ్యాన్లు. నేను గోడ పక్కన కుర్చీ వేసుకుని కాగితాలతో, ఫోన్‌లో గడియారంతో కూర్చునేదాన్ని. చీటీ తీసుకున్న సమయం, పేరు పిలిచిన సమయం, మనిషి లేచిన సమయం, గది గడప దాటిన సమయం. రోజంతా ఈ నాలుగే రాసేదాన్ని.

పేర్లు పిలిచే మనిషి ఒక ముసలాయన. వనపర్తి ఆయన. అందరూ చాచా అనేవాళ్ళు. చీటీల కట్ట చేతిలో పట్టుకుని గది తలుపు దగ్గర నిలబడేవాడు. మొదటిసారి తనలో తాను అనుకున్నట్టు పిలిచేవాడు. ఆగేవాడు. రెండోసారి మామూలుగా. మళ్ళీ ఆగేవాడు. మూడోసారి ఊరు చేర్చి, అక్కా, తమ్ముడా అని వరస కలిపి, గట్టిగా పిలిచేవాడు. అప్పుడు ఒక మనిషి లేచేది. ఇప్పుడే వినపడినట్టు, తొందర లేకుండా.

అందరూ అంతే. మన్ననూర్ నుంచి పొద్దున్నే అడవి దారిలో బస్సెక్కి వచ్చిన ఒకాయన, మళ్ళీ మధ్యాహ్నం బస్సు అందుకోవలసినవాడు, రెండు పిలుపులకూ కదలలేదు. నేను అతన్నే చూస్తున్నాను. విన్నాడు. మెడ కొంచెం బిగిసింది. కళ్ళు నేలకేసి ఉన్నాయి. పేరు పిలిచిన ప్రతిసారీ హాల్లో మాటలు కొద్దిగా తగ్గేవి. ఆ పేరు ఎవరిదో పక్కవాళ్ళకు తెలిసే ఉండేది. ఎవరూ ఎవరినీ మోచేత్తో పొడిచేవాళ్ళు కాదు. అంత నిండిన హాలు, ఒక పేరు, జవాబు లేదు. పట్టపగలు రోజుకు ఎన్నోసార్లు అలా జరిగేది. మూడో పిలుపు తర్వాత మాటలు మళ్ళీ మొదలయ్యేవి.

రెండో రోజు చాచా నా కాగితాల్లోకి వంగి చూశాడు.

"ఏం రాస్తున్నవు బేటా గంత సేపటి నుంచి?"

"మీరు పిలిచినంక ఎంతసేపటికి లేస్తున్నరో రాస్తున్న చాచా. రెండుసార్లు పిలిచినా లేవరేంది?"

ఆయన నా మొహం చూశాడు. "నీది ఏ ఊరు?"

చెప్పాను.

"బిజినేపల్లి పక్క పిల్లవై నన్ను అడుగుతవా? పట్నంల సదివితే ఇంట్ల ముచ్చట మరిచిపోతరా?"

మరిచిపోలేదు. మా ఇంట్లో వాకిట్లో నుంచి ఎవరు పిలిచినా అమ్మ మూడోసారికే పలికేది. చిన్నప్పుడు నేను బడి నుంచి వచ్చి పిలిచినా అంతే. "మొదటిపారి పిలిచేది ఎవరో తెల్వదు. రెండోపారి గూడ తెల్వదు. మూడుపార్లు పిలిచేది మనిషే" అనేది. మనిషి కానిది మూడోసారి పిలవలేదని మా వైపు నమ్మకం. తెలిసిన గొంతుతోనే పిలుస్తుందట. తెలియని గొంతుకు ఎవరు పలుకుతారు? పలికితే పలికినవాళ్ళ వెంట వస్తుంది. ఇది రాత్రికే పరిమితం కాదు. మిట్టమధ్యాహ్నం ఇంకా జాగ్రత్తగా ఉండాలనేది. బడిలో సార్లకు కూడా తెలుసు. అన్నం చాలకపోతే, "మూడు గాక నాలుగుసార్లు పిలుస్తున్నం, ఇగ రామ్మా తల్లీ" అని నవ్వేవాళ్ళు. సెల్‌ఫోన్ వచ్చాక కూడా అమ్మ మార్చుకోలేదు. రెండుసార్లు మోగి ఆగిపోవాలి. మూడోసారి చేస్తే ఎత్తేది.

ఇదంతా నాకు తెలుసు. కాబట్టి చాచాకు నవ్వి ఊరుకున్నాను.

రిపోర్టు రాసేటప్పుడు ఆలస్యానికి కారణం చూపాలి. ప్రొఫెసర్ ఇచ్చిన కాగితంలో గళ్ళు ఉన్నాయి: డాక్టర్ లేకపోవడం, ఫైలు దొరకకపోవడం, రోగి నడవలేకపోవడం, శబ్దం వల్ల వినపడకపోవడం, ఇతరం. 'ఇతరం' అని టిక్కు పెడితే కింద వివరించాలి. ఆ గీతల మీద ఏం రాయాలో చాలాసేపు ఆలోచించాను. దయ్యం అన్న మాట రాయకుండా ఆ సంగతి చెప్పడం నాకు చేతకాలేదు. రాస్తే వైవాలో ముగ్గురు పెద్దవాళ్ళ ముందు చదవాలి. మా జిల్లా పిల్లలమంటే అప్పటికే క్లాసులో ఒక నవ్వు ఉండేది. శబ్దం అన్న గడిలో టిక్కు పెట్టాను.

వైవాలో అదే అడిగారు. "పిలిచినప్పుడు ఎందుకు లేవడం లేదంటావు?"

"ఫ్యాన్లు పాతవి సార్. శబ్దం ఎక్కువ. మనిషి గొంతు వెనక బెంచీల దాకా పోదు."

"మరి నీ సూచన?"

స్పీకర్లు పెట్టాలి, చీటీ రాసిన వరసలోనే కంప్యూటర్ పేరు పిలవాలి, పేరు ఒక్కసారే పిలవాలి, రెండు నిమిషాల్లో రాకపోతే తర్వాతివారిని పిలవాలి అని చెప్పాను. ప్రొఫెసర్ తల ఊపాడు. నాకు మంచి మార్కులు వచ్చాయి.

ట్రస్టు వాళ్ళు దాన్ని నిజంగానే పెట్టించారు. ఒక నెల ఉండి చూసుకొమ్మని నన్నే అడిగారు. స్పీకర్లు వచ్చాయి. కంప్యూటర్‌లో ఒక గొంతు కూడా వచ్చింది కానీ, అది మా పేర్లు చదవలేకపోయింది. ఊరి పేర్లు ఇంకా అన్యాయంగా చదివేది. మొదటి రోజు హాలంతా నవ్వింది. చివరికి నన్ను చదివి రికార్డు చేయమన్నారు. పాత రిజిస్టర్లలో ఉన్న పేర్లన్నీ, చుట్టుపక్కల ఊళ్ళన్నీ విడివిడిగా చదివితే, కంప్యూటర్ అతికించి పలుకుతుంది.

దవాఖానలో చప్పుడు లేని చోటు ఒక్కటే. పాత ఎక్స్‌రే ఫిల్ములు కడిగే చీకటి గది. ఇప్పుడు వాడడం లేదు. తలుపు వేస్తే బయటి ఫ్యాన్ల చప్పుడు కూడా రాదు. మధ్యాహ్నం రెండు గంటలకు ఓపీ అయిపోయాక అందులో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒక పేరు చదవడం, రెండు సెకన్లు ఆగడం, ఇంకొక పేరు. ఎవరూ లేని చోట మనుషుల పేర్లు పిలుస్తూ నాలుగు మధ్యాహ్నాలు కూర్చున్నాను. ఎవరూ లోపలికి రాకుండా చాచా బయట స్టూలు వేసుకుని కూర్చునేవాడు.

మొదటి రోజు రిజిస్టరు చూసి అన్నాడు. "దీంట్ల శానమంది పోయిన్రు బేటా. గీయన పోయిండు. గీమె పోయింది. అందరిని పిలుస్తవా?"

"పేర్లే కద చాచా. అదే పేరుతోని వేరేటోళ్ళు వస్తరు."

"వస్తరు. గని జర ఆగి ఆగి పిలువు."

మూడో రోజు అమ్మ పేరు వచ్చింది. మా వైపు చాలామందికి ఉండే పేరే. ఆ రిజిస్టర్‌లో ఎన్నోచోట్ల ఉంది. ఫారాల్లో తల్లి పేరు దగ్గర ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. నోటితో ఎప్పుడూ పలకలేదు. ఎవరు మాత్రం పలుకుతారు? మొదటిసారి గొంతు సన్నగా వచ్చింది. చెరిపేశాను. రెండోసారి పలికింది బాగానే ఉంది. ఉంచాను.

ఆ రోజు బయటికి వచ్చాక చాచా లేచి గదిలోకి తొంగి చూశాడు.

"లోపట ఎవరున్నరు?"

"ఎవరు లేరు చాచా."

"నువ్వు పేరు పిలిచినంక ఎవరో 'ఆఁ' అన్నట్టు ఇనపడ్డది."

"వెనక్కి తిప్పి విన్న. నా గొంతే."

"నీ గొంతు నాకు తెల్వదా" అని స్టూలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఎగతాళికి అన్నాడని అప్పుడు అనుకున్నాను. తర్వాత ఆ రికార్డులన్నీ విన్నాను. నా గొంతు తప్ప ఏమీ లేదు. నాలుగో రోజు నాకు జలుబు చేసింది. ఊరి పేర్లు ఆ రోజే చదివాను. అందుకే ఆ స్పీకర్లలో మనిషి పేరు ఒకలా, ఊరి పేరు ఇంకొకలా ఉండేది. ఒకే గొంతు, ఇద్దరు మాట్లాడినట్టు.

చాచాను మందుల కిటికీ దగ్గర వరస చూసుకునే పనికి మార్చారు. కూర్చునే సమయం తగ్గింది. నేను కొలిచాను, తగ్గింది. 'హాజరు కాలేదు' అని పడేవాళ్ళు మాత్రం పెరిగారు. చీటీ తీసుకుని బజారుకు పోయేవాళ్ళని రాసుకున్నాం. మొదటి వారం చాచా ఊరుకోలేదు. స్పీకర్ ఒక పేరు పిలవగానే అక్కడి నుంచి లేచి వచ్చి, రెండోసారి, మూడోసారి తానే పిలిచేవాడు. జనం లేచేవాళ్ళు. ఇది ఆపమని దవాఖాన వాళ్ళు నాతోనే చెప్పించారు.

"చాచా, మీరు నడుమల పిలిస్తే నా లెక్క తప్పుతది."

"తప్పితే మల్ల రాసుకుంటవు."

"అది గాదు చాచా. పద్ధతి అలవాటు కావాలె కద."

"ఎవరికి?" అన్నాడు. నేను జవాబు చెప్పకముందే, "సరే తియ్. నువ్వు సదువుకున్నదానివి" అని వెళ్ళి కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

ఆ ప్రాజెక్టు చూసే గద్వాలలో నాకు ఉద్యోగం ఇచ్చారు. చేరిన ఆరు నెలలకు అమ్మకు కాళ్ళ వాపు మొదలైంది. అన్నం గిన్నె దించితే ఆయాసం వస్తోందని ఫోన్‌లో పెద్దమ్మ చెప్పింది. నాగర్‌కర్నూల్ దవాఖానకే వెళ్ళమన్నాను. గుండె చూసే డాక్టర్ వారానికి ఒకరోజు అక్కడికి వస్తాడు.

"నేను పెట్టించిన పద్ధతే అమ్మా. కూసోవెట్టరు. పేరు మైకుల వస్తది, లోపటికి పోవుడే."

"నువ్వు వెట్టిచ్చినవంటే పోత" అంది. సంతోషంగానే అంది.

మైకు సంగతి చెప్పాను. ఆ గొంతు నాదని చెప్పలేదు. అమ్మ పేరు నోటితో పలికానని చెప్పడానికి నాకు ఎందుకో మనసొప్పలేదు. ఎప్పుడో ఒకరోజు నవ్వులాటగా చెబుదాంలే అనుకున్నాను.

అమ్మ అక్కడికి వెళ్ళిన రోజు పదకొండున్నరకు నేను ఆక్సిజన్ సిలిండర్లు సరిచూస్తున్నాను. అమ్మ ఫోన్ చేసింది.

"ఏడున్నవ్ బిడ్డా?"

"గద్వాల్లనే. డ్యూటీల ఉన్న."

"నాగర్‌కర్నూల్‌కు వచ్చినవా?"

"లేదు. ఎందుకొస్త? నువ్వు చూపెట్టుకున్నవా?"

"మంచిగున్నవా? పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్న అమ్మా."

"పక్కన ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నరు. శానమంది ఉన్నరు. పనిల ఉన్న, పొద్దుమీకి చేస్త."

"ఇయ్యాల ఏడికి పోకు. డ్యూటీ కాంగనే రూముకు పో" అని పెట్టేసింది.

సాయంత్రం చేశాను. చూపెట్టుకున్నానంది. గోలీలు ఇచ్చారంది. ఏ గోలీలని నేను అడగలేదు. రోజంతా అందరినీ అది వచ్చిందా ఇది ఇచ్చారా అని అడగడమే నా ఉద్యోగం. ఆ తర్వాత కూడా ఫోన్ చేసినప్పుడల్లా, మంచిగున్నవా, పక్కన ఎవరున్నరు అనే అడిగేది. తన సంగతి అడిగితే తక్కువైందనేది.

పద్దెనిమిదో రోజు పొద్దున వంటశాలలో ఊపిరి ఆడక కూర్చుండిపోయింది. నాన్న ఆటోలో నాగర్‌కర్నూల్ తీసుకుపోయాడు. అక్కడ చూసినవాళ్ళు మహబూబ్‌నగర్ పొమ్మన్నారు. అంబులెన్స్ బిజినేపల్లి దాటాక చనిపోయింది. నేను గద్వాల నుంచి వచ్చేసరికి ఇంటి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి.

పదకొండో రోజు అందరూ వెళ్ళిపోయాక పెద్దమ్మ నన్ను వంటశాల వెనక్కి తీసుకుపోయింది.

"మీ అమ్మ ఆ పొద్దు చూపెట్టుకోలే బిడ్డా. నేను తోడు వోయిన. నీకు చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నది. ఇగ ఆమెనే లేదు."

నేను కూర్చున్నాను.

"గోడ మీద డబ్బాలున్నయి జూడు, దాంట్ల నుంచి నీ గొంతొచ్చింది. పేరు వెట్టి పిలిచింది. నేనన్న, అది నీ బిడ్డనే గదనే అని. 'నా బిడ్డ నన్ను పేరు వెట్టి పిలుస్తదా' అన్నది. నా చెయ్యి గట్టిగ వట్టుకున్నది. 'పలుకకు' అన్నది. ఇద్దరం సప్పుడు జేయకుండ కూసున్నం. మల్ల పిలుస్తదేమో అని చూసినం. మల్ల పిలువలే. వేరేటోళ్ళ పేరు వచ్చింది. అది గూడ నీ గొంతే."

"తర్వాత?"

"బయటికొచ్చి నీకు ఫోన్ జేసింది. నువ్వు గద్వాల్ల ఉన్ననంటివి. ఇగ లోపటికి అడుగు వెట్టలే. 'నా బిడ్డ గొంతు దానికెట్ల దొరికింది' అనుకుంట ఇంటి దాక ఒకటే రంది. నీకు చెప్తే నీకేమన్న అయితదని భయం. మల్లొకసారి పోదామే అంటే, 'పోతే దానికి ఇల్లు తెలుస్తది' అన్నది."

పెద్దమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత నా వైపు చూసి మెల్లగా అడిగింది.

"అది నీ గొంతేనా బిడ్డా?"

"నాదే."

"మరి ముందుగాల చెప్పకపోతివి" అంది.

మర్నాడు నాగర్‌కర్నూల్ వెళ్ళాను. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి మూడో వరసలో కూర్చున్నాను. పది దాటింది. హాలు నిండా జనం. స్పీకర్‌లో నా గొంతు ఒక పేరు పిలిచింది, జలుబు గొంతు ఒక ఊరు చెప్పింది. ఒక కుర్రాడు వెంటనే లేచి వెళ్ళాడు. ఇంకో పేరు. ఎవరూ లేవలేదు. కౌంటర్‌లో అమ్మాయి తల కూడా ఎత్తకుండా మీట నొక్కింది. ఆ గొంతు నేను ఊహించుకున్నట్టు లేదు. తప్పులేమీ లేవు. ప్రతి పేరూ ఒకే తీరుగా, ఎవరినీ చూడకుండా పలుకుతోంది. అది ఇంకోసారి పిలుస్తుందేమోనని నేనూ వింటూ కూర్చున్నాను.

కాసేపటికి అమ్మ పేరు పిలిచింది. ఆ తర్వాత, బిజినేపల్లి.

ఆ పేరు గలవాళ్ళు బిజినేపల్లి వైపు ఎందరో ఉంటారని నాకు తెలుసు. తెలిసీ చుట్టూ చూశాను. ఎవరూ లేవలేదు. నా పక్కన ఇద్దరి అవతల ఒక ముసలామె చీటీ పిడికిట్లో పెట్టుకుని నేల చూస్తోంది. అప్పటి మన్ననూర్ ఆయన మెడలాగే ఆమె మెడా బిగిసి ఉంది. నేను దగ్గరికి జరిగాను.

"అవ్వా, మీ పేరేనా?"

ఆమె నేల మీద నుంచి కళ్ళెత్తి నా నోటికేసి చూసింది. మొహం కాదు, నోరు. తర్వాత స్పీకర్ వైపు చూసింది. నేను, "లేవండవ్వా, మిమ్మల్నే పిలుస్తున్నరు" అన్నాను. ఆమె బెంచీ మీద నా నుంచి వెనక్కి జరిగింది. చీటీ కొంగు కింద దాచుకుంది. పెదవులు గట్టిగా మూసుకుంది.

నేనింక నోరు తెరవలేదు. లేచి మందుల కిటికీ దగ్గరికి వెళ్ళాను. చాచా అక్కడే ఉన్నాడు. నన్ను చూసి, "ఎప్పుడొచ్చినవు బేటా" అన్నాడు. ఆమె వైపు చేయి చూపించి, పేరు ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ పేరు ఆ రోజు మళ్ళీ పలకదలచుకోలేదు. ఆయన కాగితం చదివాడు. ఎందుకని అడగలేదు. హాలు మధ్యకు వచ్చి నిలబడి తనలో తాను అనుకున్నట్టు ఒకసారి పిలిచాడు. ఆగాడు. ఇంకోసారి పిలిచాడు. మూడోసారి ఊరు చేర్చి, అక్కా అని కలిపాడు. ముసలామె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి గదిలోకి వెళ్ళింది.

దవాఖాన మేనేజర్ కొత్తగా వచ్చినతను. నేను చదివిన చదువే ఇంకో కాలేజీలో చదివాడు. అమ్మ సంగతి చెప్పి రికార్డు చూపించమన్నాను. చూపించాడు. పదకొండు పన్నెండు, పదకొండు పద్నాలుగు. ఆ రోజు 'హాజరు కాలేదు' అని పడ్డ వరస కిందికి జరుపుతూ పోయాడు. చాలా ఉన్నాయి. అందులో ఎవరు బజారుకు పోయినవాళ్ళో, ఎవరు బెంచీ మీద కూర్చుని ఉన్నవాళ్ళో చెప్పే దారి లేదు.

"మీ రిపోర్టు ప్రకారమే నడిపిస్తున్నం మేడం. శబ్దం అని రాసిన్రు. అందుకే స్పీకర్లు ఇంకో రెండు పెట్టించిన."

"శబ్దం కాదు. నేను తప్పు గడిలో టిక్కు పెట్టాను" అని, ఆ గీతల మీద రాయవలసి ఉన్నది ఆయనకు చెప్పాను. నవ్వలేదు. నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. చివర్లో మాత్రం, "గిది ట్రస్టుకు ఎట్ల చెప్పాలె మేడం? ఏ కారణం కింద?" అని అడిగాడు. నా పేరుతో చెప్పమన్నాను.

ఉత్తరం నేనే రాసి ఇచ్చాను. ఒకటి కాలేజీకి కూడా పంపాను. నా ప్రాజెక్టులో ఒక పేజీ సరికాదని, అది తెలిసే రాశానని. వాళ్ళ దగ్గరి నుంచి జవాబు రాలేదు. నాన్నకు ఇదంతా చెప్పాను. ఆయన విని, "ఆమెకు కోపం లేదు నీ మీద. భయమే నీ కోసం" అన్నాడు.

ట్రస్టు వాళ్ళు రెండు నెలలకు నా గొంతు తీసేశారు. మూడుసార్లు పిలిచే మనిషిని పెట్టమని నేను రాశాను. దానికి ఒప్పుకోలేదు. చాచా ఆ ఎండాకాలంలో పని మానేసి వనపర్తి వెళ్ళిపోయాడు. ఇప్పుడు గది తలుపు పైన ఎర్రటి అంకెలు వెలుగుతాయి. చదవరానివాళ్ళు చీటీ పక్కవాళ్ళకు చూపించి, మాదేనా అని అడుగుతారు. హాజరు కానివాళ్ళు తగ్గారని మేనేజర్ చెప్పాడు. ఆ హాల్లో ఇప్పుడు ఎవరినీ పేరు పెట్టి పిలవడం లేదు.